ఇంకా నిమ్మకాయంత తక్కువే

పోయిన మంగళవారం పొద్దున బీరకాయ చెక్కు తీస్తుంటే కోల్‌కతా నుంచి ఫోనొచ్చింది. వాట్‌గంజ్‌లో పిల్లల పోషకాహార కేంద్రం నడిపే ఆయన. అందరం దాదా అంటాం, అంటే అన్న. ఆయనకి ఫోనులో అరవందే మాట రాదు. ఆ రోజు మాత్రం మెల్లగా, "దీదీ, మన మాసీ పోయింది," అన్నాడు. కేంద్రంలో పిల్లలకి వండిపెట్టే మనిషి. పోయి అప్పటికే పది రోజులట. నోట్లో కాన్సరట, ముదిరిపోయాక తెలిసిందట. కేంద్రంలో గోడకి ఆవిడ ఫొటో పెడతారట, కింద పెద్ద అక్షరాలతో పేరు, ఆ పేరు కింద నాలుగు మంచి మాటలు. "మీరైతే బాగా రాస్తారు. మీ ఇద్దరిదీ ఒకే భాష కదా," అన్నాడు.

ఒకే భాషట! మొదటి రోజు ఆవిడ నన్ను చూసి, "ఏటమ్మా, అలా నిల్చుండిపోనారు? బేగి లోపలికొచ్చి కూకోండి," అంటే, ఆ వేగానికి నాకు సగం అర్థం కాక గుమ్మంలోనే తచ్చాడాను. గుంటూరులో పదిహేడేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. మావారికి బ్యాంకులో కోల్‌కతా బదిలీ అయితే ఉద్యోగం మానుకుని వెంట వెళ్ళాను. క్వార్టర్స్‌లో నాలుగు గోడల మధ్య ఊపిరాడక, పక్కింటావిడ చెబితే, వారానికి నాలుగు రోజులు ఆ కేంద్రానికి వెళ్ళడం మొదలుపెట్టాను. పిల్లల్ని ఉద్ధరించడానికే వెళుతున్నాననుకున్నాను. అప్పట్లో నా మీద నాకు అంత నమ్మకం ఉండేది.

రెండు గదులు, ఒక వరండా, వెనకాల కుళాయి. అంతే కేంద్రం. అక్కడికొచ్చేవాళ్ళు పక్కనున్న ఓడరేవులో కూలి చేసుకునే కుటుంబాల పిల్లలు. బెంగాలీలు, బీహారీలు, తాతలనాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడే ఉండిపోయిన మనవాళ్ళు. ఏడాది నిండిన పిల్ల ఆరు నెలల పిల్లలా ఉండేది. తల్లులు పొద్దున తీసుకొస్తే మధ్యాహ్నం దాకా నాలుగుసార్లు తినిపించి, తూచి, పంపించేవాళ్ళం. వండేదీ తినిపించేదీ ఆవిడే. అందరికీ మాసీ, బెంగాలీలో పిన్ని. తెలుగు తల్లులకి మాత్రం అప్ప, అంటే వాళ్ళ మాటలో అక్క. అరవై దాటి ఉంటాయి. ఎన్నేళ్ళని అడిగితే, "ఎవులికి తెల్సు? యుద్ధం నాటి బాంబుకి మా తాత సెవుడైపోనాడంట, ఆ తరవాతెప్పుడో పుట్టినాను," అనేది. ఊరు ఏదంటే పలాస వైపనేది. ఆ ఊరు ఆవిడ ఒక్కసారీ చూడలేదు.

తూకం మిషన్ ఒకటి ఉండేది. ఆవిడకి దానితో పనిలేదు. పిల్లని చంకల కింద రెండు చేతులూ వేసి పైకెత్తి, కళ్ళు మూసుకుని, సన్నగా ఒకసారి కదిపేది. "ఆరు కిలోలకి ఇంకా నిమ్మకాయంత తక్కువే," అనేది. మిషన్ మీద పెడితే అయిదు కిలోల తొమ్మిదివందల యాభై. నేను మొదట నమ్మలేదు. లెక్కల టీచర్ని కదా, నెలరోజులు ఆవిడ చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసి మిషన్‌తో పోల్చాను. నిమ్మకాయ, ఉల్లిపాయ, బంగాళాదుంప, ఈ మూడే ఆవిడ తూకం రాళ్ళు. మిషన్ బ్యాటరీ అయిపోయిన రోజు దాదా కూడా ఆవిడ్నే అడిగి రాసుకునేవాడు.

ఒకటి మాత్రం చాలా రోజులకి గానీ నాకు పట్టలేదు. ఆవిడ నోట 'తక్కువే' అన్న మాటే వచ్చేది. 'పెరిగింది' అన్న మాట ఎన్నడూ రాలేదు. కోలుకుని, బుగ్గలొచ్చి, ఇక రానక్కర్లేదని దాదా పంపించేసే పిల్లని ఎత్తుకుని కూడా, "ఏటో, అలాగే ఉంది గుంట. తిండి ఒంటబట్టదు దీనికి," అని గొణిగేది. కళ్ళల్లో చూస్తే నీళ్ళు. తల్లి ఆ మాటకి నొచ్చుకోకపోగా నవ్వుకుంటూ వెళ్ళేది. ఇదేం తీరురా బాబూ, ఆ తల్లికి ఒక మంచి మాట చెప్పకూడదా అని నాకు చిరాకేసేది.

పిల్లలకి పేర్లు కూడా అలాంటివే పెట్టేది. చింతపిక్క, కొబ్బరీనె, బూడిద, ఎండ్రొయ్య. రిజిస్టరులో ఉన్న చక్కటి పేర్లు ఆవిడ నోట వినలేదు. తినిపించేటప్పుడు గుమ్మానికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుని, పిల్ల తల మీదుగా కొంగు కప్పేది. ఆ కొంగు లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనపడదు. మెత్తగా ఉడికిన కిచిడీ, అందులో నూనె, మెదిపిన గుడ్డు. చెంచా పక్కన పెట్టేసి వేళ్ళతోనే పెట్టేది. పిల్ల మొహం తిప్పుకుంటే తనూ తిప్పుకునేది. కాసేపటికి పిల్లే ఇటు చూసేది. అప్పుడు ఒక ముద్ద. అలా మొండికేసే ఒక్కో పిల్లకి గంట పట్టేది. "ఇంకొంచెం తొందరగా కానివ్వండి, ఇంకా ఆరుగురున్నారు," అని నేనంటే, "ఆకలి సచ్చిపోనాదమ్మా దీనికి. సచ్చిపోనోల్ని లేపడానికి తొందరేటి?" అనేది.

ఆవిడకి చుట్ట అలవాటు ఉండేది. మామూలుగా కాదు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ. అది చూసి మొదటిసారి నేను "అయ్యో, కాలిపోదూ!" అని అరిచాను. "మాయమ్మా ఇలాగే, మాయమ్మమ్మా ఇలాగే. గాలికి ఆరిపోదని," అంది. పిల్లల దగ్గర ఎన్నడూ వెలిగించేది కాదు. వెనక కుళాయి దగ్గర ఒంటరిగా కూర్చుని కాల్చి, నోరు నాలుగుసార్లు పుక్కిలించి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని గానీ లోపలికొచ్చేది కాదు.

ఇక నేను చేసిన నిర్వాకం చెప్పాలి. ఎన్నాళ్ళు దాటేసినా చెప్పక తప్పదు.

క్లాసులో పిల్లలకి స్టార్లు అంటించి, చప్పట్లు కొట్టించి చదివించినదాన్ని. ఇక్కడా అదే మంత్రం పనిచేస్తుందనుకున్నాను. దాదా చేత బెంగాలీలో రాయించి, నా చేత్తో తెలుగులో రాసి, గోడకి ఒక పెద్ద చార్టు అంటించాను. ప్రతి పిల్ల పేరు, ఎదురుగా బరువు. ఆ వారం ఎక్కువ పెరిగిన పిల్లకి బంగారు రంగు స్టార్. మొదటి స్టార్ చింతపిక్కకి వచ్చింది. పధ్నాలుగు నెలల ఆడపిల్ల. వచ్చినప్పుడు అయిదున్నర కిలోలు, నెలన్నరకి ఆరు కిలోల మూడొందలు. తల్లి ఇరవై రెండేళ్ళది, తెలుగుపిల్లే. భర్త రేవులో బస్తాలు మోస్తాడు. మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది.

నేను చింతపిక్కని తల్లి ఒళ్ళోంచి తీసుకుని, అందరికీ కనపడేలా పైకెత్తి, "చూశారా, ఎంత బొద్దుగా అయిందో! వారంలో మూడొందల గ్రాములు! అందరూ చప్పట్లు!" అన్నాను. ఇరవైమంది తల్లులు చప్పట్లు కొట్టారు. వాళ్ళ పిల్లలు ఇంకా పుల్లల్లాగే ఉన్నారు, వాళ్ళూ కొట్టారు. చింతపిక్క తల్లి మాత్రం నవ్వలేదు. లేచి, పిల్లని నా చేతుల్లోంచి లాక్కున్నట్టు తీసుకుని కొంగులో దాచుకుంది. పొయ్యి దగ్గర ఆవిడ గరిటె ఆగింది. నా వైపు ఒకసారి చూసింది. మళ్ళీ కలపడం మొదలుపెట్టింది.

నేను తెలుగుదాన్ని కానా? నా కూతురు పుట్టినప్పుడు బుగ్గన చుక్క లేకుండా ఫొటో తీయనిచ్చానా? "పిల్ల ముద్దుగా ఉంది" అని ఎవరైనా అంటే, వాళ్ళటు వెళ్ళగానే మా అమ్మ ఉప్పు తిప్పి పోసేది, నేను పక్కనే పిల్లని పట్టుకుని నిలబడేదాన్ని. అది మా ఇంటి ముచ్చట. ఇక్కడ మాత్రం అంతా సైన్సే ఉండాలనుకున్నాను. పేదవాళ్ళ బిడ్డ దగ్గరికొచ్చేసరికి నాకు అంత తెలివి ఎక్కడినుంచి పుట్టుకొచ్చిందో తెలియదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు చింతపిక్క రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. దాదా వెళ్ళి పిలిస్తే తల్లి తలుపు తీయలేదట. పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయని పక్క గది వాళ్ళు చెప్పారట. ఆసుపత్రికి తీసుకుపోదామంటే, "మీ దగ్గిరికి తేనుగాక తేను. మీరే నా గుంటని దిష్టి కొట్టినారు," అని లోపల్నుంచే అరిచిందట. భాదొ నెల, అంటే మన భాద్రపదం. ఒకటే ఉక్క, వీధుల్లో మోకాటి లోతు వాన నీళ్ళు. ఆరు కిలోల పిల్లకి విరేచనాలంటే రెండు రోజులు ఎక్కువ.

మూడోరోజు పొద్దున ఆవిడ పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది. "రండి టీచరమ్మా, ఎల్దాం," అంది.

"నేనొస్తే ఇంకా కోప్పడుతుందేమో. మీరు వెళ్ళి మాట్లాడండి," అన్నాను.

"నానెల్లి ఏటి సేస్తాను? నా కన్ను తగల్నేదు గదా. ఎవులి కన్ను తగిలినాదో ఆలే తియ్యాల."

రేవు గోడ పక్క సందులో, ఒకే వరసలో పన్నెండు గదులు. చివరి గది వాళ్ళది. దారిలోనే టీకొట్టు బొగ్గుల పొయ్యిలోంచి ఇనప గరిటెతో నాలుగు నిప్పులు అడిగి తీసుకుంది. కొంగు ముడిలో రాళ్ళుప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు. తలుపు దగ్గర నిలబడి, "ఒలే, అప్పనే. దిష్టి తియ్యడానికి తెచ్చినాను ఈవిడ్ని. తలుపు తియ్యి," అంది. కాసేపటికి గడియ తీసిన శబ్దం.

పిల్లని చూశాను. కళ్ళు లోపలికి పోయాయి. ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఆ క్షణం నాకు ఏడుపొచ్చింది కానీ, ఆవిడ నా గుప్పిట్లో ఉప్పూ మిరపకాయలూ పెట్టి వేళ్ళు మూసింది. "తిప్పండి. దిష్టి మాటలంటూ తిప్పండి."

మా అమ్మ అనగా విన్న మాటలే. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊళ్ళో దిష్టి, వాడలో దిష్టి. మూడుసార్లు తిప్పి ఆగాను. ఆవిడ నా మోచేతి దగ్గర గట్టిగా గిల్లింది. "ఇంకోటి ఉండిపోనాది," అంది.

ఏది ఉండిపోయిందో నాకు తెలుసు. ఆ తల్లి నా మొహంలోకే చూస్తోంది. "నా దిష్టి," అన్నాను. నోట్లోనే గొణిగినట్టు వచ్చింది. మళ్ళీ అన్నాను. "నా దిష్టే. నా దిష్టి పోవాలి తల్లీ."

నిప్పుల మీద వేస్తే చిటపటమని పేలి, ఆ చిన్న గది ఘాటుతో నిండిపోయి అందరం దగ్గాం. దిష్టి ఉంటే మిరపకాయ ఘాటు రాదంటారు. ఘాటొచ్చింది కనక ఇదంతా ఉత్తిదేనని ఆ తల్లి మళ్ళీ తలుపేసుకుంటుందేమోనని భయపడ్డాను. ఆవిడ మాత్రం ఆ తల్లికి ఆలోచించే వ్యవధే ఇవ్వలేదు. "పోనాది. సూసినావా, పేలిపోనాది! మరి గుంటనియ్యి టీచరమ్మకి. ఆసుపత్రికి ఎల్దాం," అంది. ఆ తల్లి నావైపు చూసి, ఎంతకీ వదల్లేక, చివరికి పిల్లని నా చేతుల్లో పెట్టింది. "ఆ గోడ మీద బంగారు సుక్క తీసీండి," అంది. అంతే అంది. పిల్ల నా చేతుల్లో ఎంత తేలిగ్గా ఉందో నేను చెప్పలేను.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి అయిదు రోజులుంచుకున్నారు. బతికింది. నెలన్నర తిండి మూడు రోజుల్లో పోయింది, మళ్ళీ అయిదున్నర దగ్గర మొదలుపెట్టాం. చేర్పించిన రోజు సాయంత్రం ఆసుపత్రి వరండాలో నేను ఆవిడ్ని అడిగాను, "మీకు నిజంగా నమ్మకముందా వీటి మీద?" అని.

"ఉప్పుకీ మిరపకాయకీ గుంట బతికిపోద్దని నానన్నానేటి? సెలైన్ ఎక్కాల. సెలైన్ ఎక్కాలంటే తలుపు తియ్యాల. తలుపు తియ్యాలంటే మరేటి సెయ్యాల?" అంది. మళ్ళీ తనే, "తప్పు నాదీ ఉందమ్మా. మీరా కాయితం అంటించిన్నాడే సెప్పాల. పెద్ద సదువు గదా, ఈవిడికి నానేటి సెప్తానని ఊరుకున్నాను," అంది.

ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది. ఆవిడ చెప్పడానికి భయపడేలా నేనే కదా ఉన్నాను.

చార్టు చింపేశాను. బరువులు పుస్తకంలో రాసి పుస్తకం మూసేసేవాళ్ళం. పుస్తకం అట్ట మీద ఆవిడ పొయ్యి మసితో ఒక చుక్క పెట్టింది. దాదా నవ్వాడు కానీ తుడవలేదు. ఆ తరువాత ఏడాదిన్నర నేను ఆవిడ పక్కన గోడవైపు తిరిగి కూర్చుని తినిపించడం నేర్చుకున్నాను. కళ్ళు మూసుకుని ఎత్తి చూడడం నేర్చుకున్నాను. నాకు నిమ్మకాయ దాకా రాలేదు, బంగాళాదుంప దాకా వచ్చింది. పిల్ల పెరిగినా, తగ్గినా నోటితో అనకపోవడం మాత్రం బాగా నేర్చుకున్నాను. చింతపిక్క వరండాలో అడుగులు వేసిన రోజు ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, "ఏటో, అలాగే ఉంది గుంట," అనుకున్నాం.

పోయిన చలికాలం చివర్లో మావారికి హైదరాబాదు బదిలీ అయింది. చివరి నెలలోనే చూశాను. ఆవిడ మధ్యాహ్నం అన్నం మానేసి గంజి మాత్రం తాగుతోంది. మాట్లాడేటప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటోంది. కుళాయి దగ్గరికి వెళ్ళడం లేదు, చుట్ట లేదు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. "పన్నొప్పి," అని ఒకసారి ఎవరితోనో అంటుంటే విన్నాను. అడుగుదామనుకున్నాను. చిక్కిపోయారేమిటి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మనిషి ఒంటి మీద మాట వేయకూడదని నేర్పిందే ఆవిడ. మళ్ళీ నోరు జారి ఏం చేస్తానోనని భయం. నన్ను నేను మెచ్చుకున్నాను కూడా, చూశావా, ఎంత మారావో అని.

వెళ్ళే రోజు దండం పెట్టబోతే ఆపి, నన్ను దగ్గరికి తీసుకుంది. నేనూ చేతులు వేసి పట్టుకున్నాను. ఏడాదిన్నర పిల్లల్ని ఎత్తిన చేతులవి. కళ్ళు మూసుకోకుండానే తెలిసింది. ఆ చీర లోపల మనిషి సగమే ఉంది. నేను వెనక్కి జరిగి ఆవిడ మొహం చూశాను.

"ఏటి టీచరమ్మా, అలా సూస్తన్నారు?" అంది కొంగు చాటునుంచి.

చాలాసేపు నా నోటి వంకే చూస్తూ నిలబడింది. అడుగుతానని ఎదురుచూసిందేమో. ఇప్పుడు అలాగే అనిపిస్తుంది.

"ఏం లేదు," అన్నాను.

ఒకసారి అనకూడనిది అన్నాను. ఒకసారి అనాల్సింది అనలేదు. మొదటి తప్పుకి ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గుమ్మంలో నిలబెట్టింది. రెండోదానికి ఏ గుమ్మానికి వెళ్ళాలి?

నిన్న దాదాకి నేనే ఫోన్ చేశాను. గోడకి పేరు వద్దన్నాను. పేరు గోడకెక్కడం ఆవిడకి గిట్టదు, అందుకే ఇక్కడా రాయలేదు. ఫొటో పెట్టి తీరాలంటే బుగ్గన చుక్క పెట్టండి అన్నాను. గోడ మీది పేరుకి పెట్టే డబ్బుతో పెద్దవాళ్ళు ఎక్కే తూకం మిషన్ ఒకటి కొనమన్నాను. నెలకోసారి తల్లుల్నీ, వండేవాళ్ళనీ, మిమ్మల్నీ తూచండి. నంబరు పైకి చదవొద్దు, పుస్తకంలో రాయండి. తగ్గితే మాత్రం పక్కకి పిలిచి చెవిలో చెప్పండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి అన్నాను.

"మేమెవ్వరం గమనించలేదు దీదీ. రోజూ చూసే మనిషి కదా," అన్నాడు. "మీరు వెళ్ళేనాటికి బాగానే ఉంది కదా మాసీ?"

"లేదు దాదా," అన్నాను. "నాకు తెలుసు."